ముంజేతి మీద లేచిన సాక్ష్యం

దద్దుర్లు లేస్తే మన ఇళ్లలో మొదట అడిగేది "ఏం తిన్నావు?" అనే. నిన్నటి వంకాయ కూరో, మొన్న పెళ్లిలో వడ్డించిన రొయ్యల వేపుడో, ఏదో ఒకటి పడలేదని పెద్దవాళ్లు తేల్చేస్తారు. రెండు మూడు రోజుల్లో సర్దుకునే దద్దుర్ల విషయంలో ఆ అనుమానం సబబే. కానీ కొందరికి అవి సర్దుకోవు. సాయంత్రం నడుము దగ్గర లేచినవి తెల్లారేసరికి మచ్చయినా మిగల్చకుండా పోతాయి. మధ్యాహ్నానికి తొడల మీద మరికొన్ని లేస్తాయి. ఒక్కోసారి పెదవులు, కనురెప్పలు కూడా ఉబ్బుతాయి. ఇలా ఆరు వారాలు దాటితే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక వ్యాధిగా లెక్కిస్తారు. చాలామందికి అది ఏళ్లకు ఏళ్లు సాగుతుంది.

ఈలోగా వాళ్లు మానేసినవి ఎన్నో! వంకాయ, గోంగూర, గుడ్డు, చేప, శనగపిండి, పల్లీలు. తర్వాత పాలు. తర్వాత పెరుగు మీద కూడా అనుమానం. చివరికి చప్పిడి అన్నం తిన్న రోజున కూడా దద్దుర్లు లేస్తాయి. ఆ రోజున మనిషికి కలిగే నిస్సహాయత బయటివాళ్లకు అర్థం కాదు. లండన్ వైద్యులు 1997లో ఈ రోగుల జీవితాన్ని, గుండె రక్తనాళాలు పూడుకుపోయి బాధపడుతున్నవాళ్ల జీవితంతో పోల్చి చూశారు. నీరసంలో, దిగులులో, నలుగురికీ దూరంగా మసలడంలో రెండు జబ్బులవాళ్లూ దాదాపు సమానంగా ఉన్నారు. "ఒట్టి దురదే కదా" అని తేలిగ్గా తీసేసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

తిండి మీద పడిన ఈ నింద నిజానికి ఎక్కడ పడాలో తేల్చినది చాలా చిన్న పరీక్ష. రోగి రక్తాన్నే కొంచెం తీసి, గడ్డకట్టనిచ్చి, పైన తేరిన సీరాన్ని ఒక్క చుక్క తిరిగి అదే రోగి ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తారు. అరగంట ఆగి చూస్తారు. అక్కడ ఎర్రగా దద్దు లేచిందంటే, దద్దుర్లు లేపే పదార్థమేదో ఆ మనిషి రక్తంలోనే తిరుగుతోందన్నమాట. ఇంత సులువైన ఆలోచన స్థిరపడటానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఆ దారిలో ప్రయోగశాలగా ఎక్కువసార్లు పనికొచ్చింది మనిషి చర్మమే. చాలాసార్లు ఆ చర్మం పరిశోధకుడి సొంతదే.

ముందు దద్దు అంటే ఏమిటో తెలియాలి. 1878లో జర్మన్ వైద్య విద్యార్థి పాల్ ఎర్లిచ్ తన పట్టా కోసం రాసిన సిద్ధాంత గ్రంథంలో, రంగులద్దితే లోపలంతా రేణువులతో కిక్కిరిసి కనబడే కణాలను వర్ణించి, వాటికి మాస్ట్ కణాలని పేరు పెట్టాడు. అవి ఏం పని చేస్తాయో అతనికి తెలియదు. 1920లలో లండన్‌లో థామస్ లూయిస్ మనుషుల చర్మాన్ని గీసి, గుచ్చి, వేడి తగిలించి, ఏం చేసినా చర్మం ఒకే వరసలో స్పందిస్తోందని గమనించాడు. ముందు గీత ఎర్రబడుతుంది, ఆ ఎరుపు చుట్టూ పాకుతుంది, మధ్యలో ఉబ్బు లేస్తుంది. గాయపడిన చర్మం హిస్టమిన్ వంటి ఏదో పదార్థాన్ని విడుదల చేస్తోందని 1927లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఆ హిస్టమిన్ నిల్వ ఉండేది ఎర్లిచ్ చూసిన మాస్ట్ కణాల్లోనేనని 1950ల మొదట్లో స్కాట్లండ్‌లోని డండీలో జేమ్స్ రైలీ, జెఫ్రీ వెస్ట్ నిరూపించారు. మాస్ట్ కణం పగిలితే, అంటే తనలోని రేణువులను బయటికి చిమ్మితే, హిస్టమిన్ బయటపడుతుంది, సన్నని రక్తనాళాలు సడలి వాటిలోని ద్రవం చర్మంలోకి ఊరుతుంది. అదే దద్దు. మనం వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు ఆ హిస్టమిన్ పనిచేసే చోటును ముందే ఆక్రమించి అడ్డుపడతాయి. కణం పగలడాన్ని మాత్రం ఆపవు.

ఆ కణాన్ని పగలగొడుతున్నది ఎవరన్నది అసలు ప్రశ్న.

దానికి మొదటి జవాబు 1921లో బ్రెస్లావు నగరంలో దొరికింది. ఇప్పుడది పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్. అక్కడి హైంజ్ కుస్ట్‌నర్ అనే వైద్యుడికి చేప పడదు. వండిన చేప కొంచెం తిన్నా ఒళ్లంతా దద్దుర్లే. అతని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్స్‌కు చేపతో ఏ ఇబ్బందీ లేదు. కుస్ట్‌నర్ రక్తం నుంచి తీసిన సీరాన్ని ప్రౌస్నిట్స్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారాన్ని గుచ్చుకున్నాడు. అక్కడ దద్దు లేచింది. పడకపోవడమనేది ఒకరి నుంచి మరొకరికి సీరంతో పాటు తరలివెళ్లింది! అంటే అది రక్తంలో తిరిగే పదార్థమే. దాన్ని పట్టుకోవడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా, తమ సొంత వీపుల మీదే సూదులు గుచ్చుకుంటూ ఆ పదార్థాన్ని వేరుచేశారు. దాదాపు అదే కాలంలో స్వీడన్‌లోని ఉప్సలాలో యోహాన్సన్, బెన్నిక్ మరో దారిలో అక్కడికే చేరారు. 1968లో ఆ యాంటీబాడీకి ఐజీఈ అన్న పేరు ఖాయమైంది.

ఐజీఈ తోక మాస్ట్ కణం పైనున్న రిసెప్టర్‌లో గట్టిగా పాతుకుపోయి ఉంటుంది. చేపలోని ప్రొటీన్ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుంటే వాటి కింది రిసెప్టర్లు రెండూ దగ్గరకొస్తాయి, కణం పగులుతుంది. రెండు ఎద్దుల మెడల మీద ఒక్క కాడి పడితేనే బండి కదిలినట్టు, ఇక్కడ రెండు రిసెప్టర్లు జోడు కట్టడమే ముఖ్యం. ఒంటరిగా ఎన్ని ఉన్నా ఏమీ కాదు. చేపతో, పల్లీతో వచ్చే దద్దుర్ల కథ ఇది. తిన్న గంటలోపే వస్తాయి, తిన్న ప్రతిసారీ వస్తాయి. కారణం కళ్లెదుటే ఉంటుంది. ఏళ్ల తరబడి, ఏం తిన్నా తినకపోయినా లేచే దద్దుర్లకు ఈ వివరణ సరిపోలేదు. ఆ రోగుల్లో కాడి వేసేది బయటి నుంచి వచ్చినట్టు కనబడలేదు. అందుకే చాలాకాలం వైద్య గ్రంథాలు ఆ జబ్బును కారణం తెలియనిదిగానే రాస్తూ వచ్చాయి. కారణం తెలియకపోతే నింద రోగి మనసు మీదికో, వంటింటి మీదికో పోతుంది. రెండూ అన్యాయమే.

ఆధారం మాత్రం అంతకు ముందే ఒకసారి కంటబడింది. 1946లో స్వీడన్ వైద్యుడు హాక్విన్ మాల్మ్రోస్, రోగి సీరాన్ని రోగికే ఎక్కించే చికిత్స గురించి ఒక వైద్య పత్రికలో రాశాడు. దీర్ఘకాలిక దద్దుర్లున్నవాళ్ల చర్మంలోకి వాళ్ల సీరమే ఎక్కిస్తే అక్కడ దద్దు లేస్తోందని అందులో గమనించాడు. ఆ మాట ఎవరికీ పట్టలేదు. మాల్మ్రోస్ పేరు తర్వాత ఆహారంలోని కొవ్వులు, గుండె జబ్బుల పరిశోధనలో మారుమోగింది కానీ దద్దుర్ల సంగతి అలాగే మరుగున పడింది. 1962లో స్వీడన్‌కే చెందిన హాన్స్ రోర్స్‌మన్ మరో ఆధారం పట్టుకున్నాడు. బేసోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మాస్ట్ కణాలకు దగ్గరి బంధువులు. వాటిలోనూ హిస్టమిన్ ఉంటుంది, వాటి మీదా అదే రిసెప్టర్ ఉంటుంది. దీర్ఘకాలిక దద్దుర్లున్న కొందరి రక్తంలో ఈ బేసోఫిల్స్ బాగా తగ్గిపోయి ఉన్నాయని అతను లెక్కించి చూపాడు. వాటిని ఏదో ఖర్చు చేస్తోంది. ఏదన్నది తేలలేదు.

మూడో ఆధారం టొరంటో నుంచి వచ్చింది. 1983లో ఆర్థర్ లెజ్నాఫ్ బృందం తమ దగ్గరికి వరుసగా వచ్చిన 140 మంది రోగులను పరీక్షించి, వాళ్లలో 17 మందికి థైరాయిడ్ మీద సొంత శరీరమే దాడి చేస్తున్న లక్షణాలున్నాయని చెప్పింది. దాదాపు 12 శాతం. మామూలు జనంలో ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. థైరాయిడ్ మీద తిరగబడిన రోగనిరోధక వ్యవస్థ చర్మం మీదా తిరగబడకూడదా అన్న ఊహ అక్కడ ఊపిరి పోసుకుంది.

ఇక్కడి నుంచి కథ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు మారుతుంది. అక్కడ రాబర్ట్ వారిన్ అనే చర్మవైద్యుడు దద్దుర్ల మీదే ఒక పూర్తి గ్రంథం సహరచనగా వెలువరించినవాడు. ఆయనతో కలిసి యువ వైద్యుడు క్లైవ్ గ్రాటన్, మరికొందరు, మాల్మ్రోస్ వదిలిన చోట మళ్లీ మొదలుపెట్టారు. రోగుల సీరాన్ని వాళ్ల చర్మంలోకే ఎక్కించారు. లేచిన దద్దు దగ్గర చర్మపు ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. అది రోగికి తనంతట లేచే దద్దులాగే ఉందా లేదా అని పోల్చారు. కొందరిలో స్పష్టంగా ఎర్రని దద్దు లేచింది, కొందరిలో ఏమీ లేవలేదు. 1986లో బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం శీర్షికలో, సీరంలో ఏదో మధ్యవర్తి ఉందని మాత్రమే అన్నారు. యాంటీబాడీ అనలేదు, సొంత శరీరం మీద తిరుగుబాటు అనలేదు. చూసినంత వరకే చెప్పారు. ఈ కథలో నాకు చాలా నచ్చే ఘట్టం ఇది. ఆ సంయమనం వల్లే తర్వాత వచ్చినవాళ్లకు దారి తేటగా ఉంది.

ఆ మధ్యవర్తి ఎవరో కనిపెట్టడానికి ముంజేయి ఒక్కటీ చాలదు. చర్మంలో లేచిన దద్దు "ఏదో ఉంది" అని చెబుతుంది, దాని పేరు చెప్పదు. అందుకు బేసోఫిల్స్ పనికొచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న దాత రక్తం నుంచి బేసోఫిల్స్ తీసి, రోగి సీరంతో కలిపి, ఎంత హిస్టమిన్ బయటపడిందో కొలుస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో అలెన్ కాప్లన్ బృందం 1988లో, కొందరు రోగుల రక్తంలో ఐజీఈ మీదే పనిచేసే, ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీలు ఉన్నాయని చూపింది. అంటే చేప ప్రొటీన్ చేసే పనిని ఇక్కడ సొంత యాంటీబాడీయే చేస్తోంది. గ్రాటన్ ఈలోగా లండన్‌లో చర్మవైద్యుడు మాల్కమ్ గ్రీవ్స్ దగ్గర చేరాడు. వాళ్లకూ 1991లో అలాంటి యాంటీబాడీలే దొరికాయి. కానీ అవి కొద్దిమందిలోనే. సీరం వల్ల చేతి మీద దద్దు లేచిన మిగతావాళ్ల సంగతేమిటి?

ఆ చిక్కు విడదీసినవాడు జపాన్ నుంచి లండన్‌కు వచ్చి పనిచేసిన మిచిహిరో హిదే. ఆయన వేసిన ఎత్తులు చూడాలి. ఐజీఈ చాలా తక్కువగా ఉన్న దాతల బేసోఫిల్స్ మీద రోగి సీరం వేస్తే, హిస్టమిన్ బయటపడింది. ఐజీఈ దాదాపు లేనిచోట కూడా పని జరిగిందంటే గురి ఐజీఈ కాదు. బేసోఫిల్స్‌ను ఆమ్లంతో కడిగి ఉన్న కాస్త ఐజీఈని ఊడదీస్తే, పని ఇంకా బాగా జరిగింది. అదే బేసోఫిల్స్ మీద ఐజీఈని నిండా కప్పేస్తే పని తగ్గిపోయింది. అంటే సీరంలోని పదార్థానికి కావలసింది ఐజీఈ కూర్చునే పీట, అంటే రిసెప్టరే. అది ఖాళీగా ఉంటే దానికి వీలు.

చివరి రుజువుకు మరో సాధనం చేతికందింది. ఆ రిసెప్టర్ నాలుగు గొలుసుల ప్రొటీన్. పైకి పొడుచుకొచ్చి ఐజీఈని పట్టుకునేది ఆల్ఫా గొలుసు. దాని జన్యువును 1980ల చివర్లో వేరుచేశారు. అమెరికాలోని రోష్ కంపెనీ శాస్త్రవేత్తలు హకీమి, కోచన్ ఆ ఆల్ఫా ముక్కను విడిగా తయారుచేసి ఇచ్చారు. హిదే దాన్ని రోగి సీరంలో ముందే కలిపాడు. యాంటీబాడీలు ఆ తేలుతున్న ముక్కలకు అతుక్కుపోయి బేసోఫిల్స్ జోలికి పోలేదు, హిస్టమిన్ రాలేదు. 1993లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో వెలువడిన ఈ వ్యాసంతో, దీర్ఘకాలిక దద్దుర్లలో ఒక భాగం సొంత శరీరం మీద తిరగబడే యాంటీబాడీల జబ్బేనని రుజువైంది. ఒక ఐజీజీకి రెండు చేతులు. రెండు చేతులతో రెండు రిసెప్టర్లను పట్టుకుంటుంది. చేపా లేదు, వంకాయా లేదు, కణం పగిలిపోతుంది. రెండేళ్లకు వియన్నాలో స్టింగెల్ బృందమూ ఆల్ఫా గొలుసు మీద పనిచేసే యాంటీబాడీలను రోగుల సీరంలో పట్టుకుంది.

రుజువులో ఇంకో వైపు చికిత్స. రక్తంలోని పదార్థమే నేరస్థుడైతే దాన్ని వడగట్టేస్తే జబ్బు తగ్గాలి. లండన్ బృందం 1992లోనే తీవ్రంగా బాధపడుతున్న 8 మందికి రక్తంలోని ప్లాస్మాను మార్చి చూసింది. చాలామందికి ఉపశమనం వచ్చింది, కానీ కొన్ని వారాలే. యాంటీబాడీలు మళ్లీ తయారయ్యేసరికి దద్దుర్లూ తిరిగొచ్చాయి. తర్వాత 2000లో గ్రాటన్ బృందం చేతి మీది పరీక్షలో దద్దు లేచిన 30 మందిని తీసుకుని, కొందరికి సైక్లోస్పోరిన్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చింది. రోగనిరోధక వ్యవస్థను అణచే ఆ మందు నిజంగానే పనిచేసింది.

ఇక ముంజేతి పరీక్షను ఒక పద్ధతిలోకి తెచ్చే పని మిగిలింది. ఒక్కో ఆసుపత్రి ఒక్కోలా చేస్తే ఫలితాలకు విలువ ఉండదు. ఆ పని 1999లో రూత్ సబ్రో, గ్రాటన్, గ్రీవ్స్ బృందం చేసింది. ఎంత సీరం ఎక్కించాలి, ఎంతసేపు ఆగాలి, ఎంత ఉబ్బితే దద్దు అని ఒప్పుకోవాలి అన్నవన్నీ కొలిచారు. ఈరోజు హైదరాబాద్‌లో చేసినా, విశాఖలో చేసినా, బెర్లిన్‌లో చేసినా పద్ధతి స్థూలంగా అదే. రోగి మోచేతి దగ్గర రక్తం తీసి, ఏమీ కలపని గొట్టంలో గది వేడిమిలోనే కనీసం అరగంట గడ్డకట్టనిస్తారు. గొట్టాన్ని యంత్రంలో తిప్పితే సీరం పైకి తేరుతుంది. ఇన్సులిన్ సిరంజిలో 0.05 మిల్లీలీటర్లు తీసుకుని ముంజేతి లోపలివైపు చర్మంలోకి, కండలోకి దిగకుండా, ఎక్కిస్తారు. కొన్ని సెంటీమీటర్ల దూరంలో అంతే సెలైన్ ఒకటి, పలచని హిస్టమిన్ ఒకటి. హిస్టమిన్ దగ్గర దద్దు లేవాలి, లేకపోతే చర్మం పలకడం లేదని అర్థం. సెలైన్ దగ్గర లేవకూడదు. అక్కడా లేచిందంటే సూది గుచ్చడానికే లేస్తోందని అర్థం. 30 నిమిషాలకు స్కేలు పెట్టి అడ్డంగా, నిలువుగా కొలిచి సగటు తీస్తారు. సీరం దగ్గరి దద్దు ఎర్రగా ఉండి, సెలైన్ దగ్గరిదానికన్నా 1.5 మిల్లీమీటర్లయినా పెద్దదయితే పరీక్ష పాజిటివ్.

ఒకటిన్నర మిల్లీమీటరు! అంత సన్నని తేడా మీద నిలబడిన పరీక్ష కాబట్టి శ్రద్ధ చాలా అవసరం. యాంటీహిస్టమిన్ మాత్ర రెండు మూడు రోజులు ఆపి రమ్మని చెబుతారు, లేకపోతే ఏ దద్దూ లేవదు. మత్తిచ్చే పాత మందుల్లో కొన్నిటిని ఇంకా ముందే ఆపాలి. గత ఒకటి రెండు రోజుల్లో దద్దు లేచిన చోట సూది వేయకూడదు, అక్కడి మాస్ట్ కణాలు అప్పటికే ఖాళీ అయి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, గొట్టం మీద పేరు. ఎక్కించేది రక్తంలోని పదార్థం. ఒకరి సీరం ఇంకొకరికి పొరపాటున కూడా పోకూడదు. ప్రౌస్నిట్స్ తన పొట్ట చర్మంలో చేసుకున్న ప్రయోగాన్ని ఇప్పుడెవరూ చేయకపోవడానికి కారణం, కొన్ని కామెర్ల వైరస్‌లూ హెచ్‌ఐవీ రక్తం ద్వారా పాకగలవని తెలియడమే.

ఆ 1999 బృందమే పరీక్ష పరిమితినీ లెక్కగట్టింది. బేసోఫిల్ పరీక్షతో పోల్చితే, నిజంగా యాంటీబాడీలున్న నూరు మందిలో దాదాపు 65 నుంచి 71 మందిని ఈ పరీక్ష పట్టుకుంటుంది. లేని నూరు మందిలో 78 నుంచి 81 మందికి లేదని సరిగ్గా చెబుతుంది. అంటే రెండు వైపులా తప్పే అవకాశం ఉంది. తర్వాత పదేళ్లలో సందేహాలు ఇంకా పెరిగాయి. ఇటలీ పరిశోధకులు సీరం నుంచి ఐజీజీని తీసేసినా కొందరిలో దద్దు లేస్తూనే ఉందని గమనించారు. కొన్ని అధ్యయనాల్లో ఏ జబ్బూ లేనివాళ్లలోనూ పరీక్ష పాజిటివ్ వచ్చింది. మిలాన్‌లో ఆసెరో, టెడెస్కీ 2006లో సీరానికి బదులు సిట్రేట్ కలిపిన ప్లాస్మా వాడితే ఇంకా ఎక్కువ మందిలో దద్దు లేస్తోందని చెప్పి, రక్తం గడ్డకట్టించే పదార్థాలకూ ఇందులో పాత్ర ఉందన్నారు. ఆ ఫలితాన్ని ఇతర కేంద్రాలు అంతే స్థాయిలో తిరిగి చూపలేకపోయాయి. చివరికి 2009లో యూరప్ నిపుణుల బృందం ఒక్కచోట కూర్చుని తేల్చిన మాట: ఈ పరీక్ష చెప్పేది రోగి తన సీరానికే స్పందిస్తున్నాడని, అంతవరకే. యాంటీబాడీలే కారణమని తేల్చాలంటే వేరే రుజువులు కావాలి.

1986లో బ్రిస్టల్ వైద్యులు అన్నది కూడా ఇంతే కదా! మధ్యలో ఉత్సాహం కొంచెం ముందుకు పరిగెత్తింది, కొలతలు దాన్ని వెనక్కి పట్టుకొచ్చాయి. ఇందులో నాకు ఓటమేమీ కనబడదు.

ఇప్పుడు ప్రమాణం మూడు రుజువులు. ముంజేతి పరీక్ష, బేసోఫిల్ పరీక్ష, సీరంలో యాంటీబాడీని నేరుగా పట్టే పరీక్ష. మూడూ పాజిటివ్ వచ్చేవాళ్లు ఎందరని యూరప్ కేంద్రాలు కలిసి వెతికితే, 2019లో వచ్చిన లెక్క 8 శాతం. ముంజేతి పరీక్ష ఒక్కటే చూస్తే వచ్చే సంఖ్యకన్నా ఇది ఎంతో తక్కువ. మిగతావాళ్లలో కొందరికి మరో రకం తిరుగుబాటు ఉందని బెర్లిన్ బృందం 2011లో చూపింది. వాళ్లలో ఐజీఈయే సొంత థైరాయిడ్ ప్రొటీన్ మీద తయారవుతోంది. చేప ప్రొటీన్‌కు బదులు సొంత ప్రొటీన్ అన్నమాట. ఇంకా కొందరి విషయంలో కారణం వెతుకులాట నడుస్తూనే ఉంది.

బేసోఫిల్ పరీక్ష మన దేశంలో పెద్ద కేంద్రాల్లోనే అరుదుగా దొరుకుతుంది. ముంజేతి పరీక్షకు సిరంజి, సెలైన్, రక్తం తిప్పే యంత్రం చాలు. అందుకే భారతీయ చర్మవైద్యులు దీన్ని ఆప్యాయంగా చేపట్టారు. మాల్మ్రోస్ రాసిన చికిత్సను కూడా మళ్లీ బతికించారు. అలహాబాద్‌లో బజాజ్ బృందం 2008లో, వారానికొకసారి రోగి సీరాన్నే రోగి కండలోకి ఎక్కించి, పరీక్ష పాజిటివ్ ఉన్నవాళ్లలో చాలామంది మెరుగయ్యారని రాసింది. ఖరీదైన ఇంజక్షన్లు కొనలేని రోగులున్న దేశంలో ఆ ఆశ సహజం. అయితే సెలైన్‌తో పోల్చి చేసిన పరీక్షలన్నిటినీ కలిపి లెక్కించినప్పుడు, ఆ చికిత్స ఉత్తుత్తి సూదికన్నా మేలని స్పష్టంగా తేలలేదు. పరీక్షగా సీరం నిలబడింది. మందుగా ఇంకా నిలబడలేదు.

నిలబడనే నిలబడనివి కూడా మార్కెట్లో ఉన్నాయి. రక్తం ఒక్క గొట్టం తీసుకుని వందకు పైగా తిండి పదార్థాల జాబితా అచ్చేసి, వాటిలో ముప్పై మీకు పడవని ఎర్రగీత కొట్టి వేలకు వేలు వసూలు చేసే పరీక్షలు మన పట్టణాల్లోకీ వచ్చేశాయి. వాటిలో ఎక్కువ భాగం కొలిచేది తిండి మీది ఐజీజీని. అన్నం తిన్న ప్రతి మనిషిలోనూ అది ఉంటుంది. దీర్ఘకాలిక దద్దుర్లకు అంతర్జాతీయ మార్గదర్శకాలు వాటిని సిఫార్సు చేయవు. ఆ మార్గదర్శకాలు అడిగేది రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్ లేదా సీఆర్పీ, ప్రత్యేక వైద్యుడి దగ్గరైతే థైరాయిడ్ మీది టీపీఓ యాంటీబాడీ, మొత్తం ఐజీఈ. ఇంతే. జిల్లా కేంద్రంలోని ల్యాబులో కూడా అయ్యే పరీక్షలివి. టీపీఓ ఎక్కువగా, ఐజీఈ బాగా తక్కువగా ఉంటే, ఐజీజీ రకం తిరుగుబాటు వైపు అనుమానం బలపడుతుంది. లెజ్నాఫ్ 1983లో పట్టుకున్న థైరాయిడ్ కొస ఇక్కడ ఇప్పటికీ పనికొస్తోంది. ఆ ముప్పై పదార్థాలు మానేసి రక్తహీనతతో వచ్చే ఆడవాళ్ల గురించి ఆలోచిస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మరి కారణం ఏ రకమో తెలిస్తే రోగికి ఒరిగేదేమిటి? మొదటి మెట్టు చికిత్స అందరికీ ఒకటే: మత్తివ్వని యాంటీహిస్టమిన్ రోజూ, చాలకపోతే వైద్యుడి పర్యవేక్షణలో నాలుగు రెట్ల వరకు. తేడా వచ్చేది ఆ తర్వాత. ఒమాలిజుమాబ్ అనే ఇంజక్షన్ రక్తంలో తేలుతున్న ఐజీఈని పట్టేస్తుంది. దీర్ఘకాలిక దద్దుర్లకు అమెరికాలో 2014లో అనుమతి పొందింది, నాలుగు వారాలకోసారి ఇస్తారు. సొంత ప్రొటీన్ల మీద ఐజీఈ తయారయ్యేవాళ్లకు అది చాలాసార్లు మొదటి వారంలోనే పనిచేస్తుంది. ఐజీజీ నేరుగా రిసెప్టర్‌నే పట్టుకునేవాళ్లలో ఆలస్యమవుతుంది, కొందరికి పనిచేయదు. ఐజీఈ తగ్గిన కొద్దీ కణాల మీద రిసెప్టర్లే క్రమంగా తగ్గాలి, అప్పుడుగానీ యాంటీబాడీకి పట్టు దొరకడం తగ్గదు. సీరానికి చర్మం, బేసోఫిల్స్ రెండూ స్పందించినవాళ్లు ఈ మందుకు నెమ్మదిగా లొంగుతారని బెర్లిన్ వైద్యులు 2017లో చూపారు.

కాబట్టి ముంజేతి మీద దద్దు లేచిన రోగికి రెండు ఇంజక్షన్ల తర్వాత కూడా గుణం కనబడకపోతే, డబ్బు వృథా అయిందని మానేయడం తొందరపాటు కావచ్చు. పనిచేయలేదని తేల్చేముందు ఆరు నెలల వరకు చూడమంటారు నిపుణులు. అప్పటికీ లొంగకపోతే అదే రోగికి సైక్లోస్పోరిన్ పనిచేసే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. రక్తపోటు, మూత్రపిండాల పరీక్షలు చేయించుకుంటూ వాడాల్సిన మందు అది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కాగితాన్ని, దాని మీద రాసిన మిల్లీమీటర్ల కొలతలతో సహా, వెంట తీసుకెళ్లడం మంచిది.